దాచమన్న తుపాకీ

అమెరికాలోని మొంటానాలో జింకల వేట కాలం మొదలయ్యే ముందురోజు. తుపాకుల కొట్టులో కౌంటరుకి అటు యజమాని, ఇటు అతని చిన్ననాటి స్నేహితుడు.

"మార్చిలో దాచమని ఇచ్చిన నా తుపాకీ తియ్యరా. రేపు వేటకి పోవాలి."

"ఒక్కడివేనా?"

"తుపాకీ మన హక్కని ఊరంతా అరిచేవాడివి. ఇప్పుడు నాకే అడ్డుపడతావా?"

"ఇప్పుడూ అరుస్తాను. హక్కు నీదే. కానీ మీ ఆవిడ లొరెయిన్ చనిపోయిన వారానికే దీన్ని పట్టుకొచ్చి, ఇది ఇంట్లో ఉంటే నా మీద నాకే భయంగా ఉందన్నావు. అన్నావా లేదా?"

"అన్నాను."

"ఆ భయం పోయిందా?"

"తెలీదురా. నలభై ఏళ్లు ప్రతి వేటకీ మా ఆవిడతో ఆ దిబ్బ మీద కూర్చున్నాను. సరిగ్గా గురి పెట్టేసరికి తుమ్మేది, జింక పారిపోయేది. ఒక్కసారి అక్కడ కూర్చోవాలనుంది, అంతే."

"పొద్దున్నే ఐదింటికి వస్తాను. తుపాకీ నేను మోస్తాను, కాఫీ ఫ్లాస్కు నువ్వు పట్టుకో."

"సరేలే. మరి జింక కనపడగానే తుమ్మేదెవర్రా?"