ఆయన తీసినవి మాత్రమే

మార్కాపురంలో మూసేసిన ఒక ఫోటో స్టూడియో. నెయ్యి వ్యాపారి ఫణికృష్ణ చేతిలో అప్పటికి ఉన్నవి: స్టూడియో గది కొన్న కాగితం, గదిలోని నెగటివ్‌ల పెట్టెలు. లేనిది ఒక్క సంతకం. అది చనిపోయిన ఫోటోగ్రాఫర్ చంద్రశేఖరరావు భార్య కోటిరత్నం పెట్టాలి.

"ఆ మాట మళ్ళా చెప్పు నాయనా. మా మరిది నీకు ఏం అమ్మినాడు?"

"గది అమ్మినాడు అత్తా. గదితో పాటు లోపలున్నదంతా. నెగటివ్‌లతో సహా."

"గది మా మరిది వీరాంజనేయులుదే, కాదనను. అంతా నీదైతే మరి నా కాడికి ఎందుకొచ్చినట్లు?"

"ఊరికే. పెద్దదానివి, ఒక మాట చెప్పిపోదామని."

"ఊరికే వచ్చేవాడివి స్టాంపు కాగితం పట్టుకొస్తావా?"

"ఇదా? ఇది మామూలు కాగితమే. వకీలు తీసుకపొమ్మన్నాడు."

"ఏమన్నాడు వకీలు? ఉన్నదున్నట్లు చెప్పు. నేను గూడ దుకాణం ఇంట్లో పుట్టినదాన్నే."

"పెట్టెలు నావేనంట. లోపలి రీళ్ళు గూడ నావేనంట. కానీ వాటిల్లో బొమ్మను అచ్చేసుకునే హక్కు గదితో పాటు రాదంట. అది తీసినాయనదంట. ఆయన పోతే ఇంటామెదంట."

"అంటే గేదె నీది, పాలు పిండుకునే హక్కు నాదన్నమాట."

"అట్లనే అనుకో."

"ఈ సంగతి మా మరిదికి తెలుసా?"

"తెలిస్తే ఇంకో రేటు చెప్పుండేవాడు."

"నాకిప్పుడు తెలిసింది గదా. నేనే రేటు చెప్పాల?"

"నువ్వు గూడ అట్ల మాట్లాడితే ఎట్ల అత్తా? అల్లుడిలాంటోణ్ణి."

"సంతకం కావాల్సొచ్చేసరికి అల్లుడివైనావు. మొన్న పెండ్లిలో ఎదురుపడితే పలకరించను గూడ లేదే."

"చూసుకోలేదు అత్తా."

"పక్కనే కూర్చొని లడ్డు తిన్నావు."

"పని ఒత్తిడి. మనసులో పెట్టుకోకు."

"పెట్టుకోనులే. ఏ బొమ్మ కావాల నీకు?"

"ఒకటని కాదు. అన్నీ."

"అన్నీ అనేవాడికి కావాల్సింది ఒకటే ఉంటది. మగోళ్ళదా, ఆడోళ్ళదా?"

"ఏంది ఆ ప్రశ్న? ఎవరిదైతే ఏంది, మామ తీసినవన్నీ కావాల. ముందు నువ్వు చెప్పు. గిద్దలూరు నుంచి వేరే వ్యాపారులు ఎవరన్నా వచ్చిపోయినారా?"

"వచ్చేవాళ్ళు వస్తుంటారు."

"ఎవరికన్నా సంతకం పెట్టినావా?"

"పెట్టుంటే నీతో ఇంతసేపు ఎందుకు మాట్లాడతా?"

"అది జవాబు కాదు గదా."

"నేనడిగినదానికి నువ్వు గూడ చెప్పలేదు."

"సరే అత్తా, ఒక్క మాట ఇను. నాకు లాభం ఒకటే కాదు, మామ మీద గౌరవం గూడ ఉంది. అందుకే ఆయన పేరు డబ్బా మీద వేయించినా."

"ఏ డబ్బా?"

"డబ్బా అంటే, మాటవరసకు."

"మాటవరసకు డబ్బా ఎందుకొస్తది? నెయ్యి డబ్బానా?"

"నెయ్యి డబ్బానే."

"అచ్చేసినావా?"

"వేసినా. లారీ గూడ దిగింది."

"సంతకం లేకుండానే?"

"అంతా నాదేనని మీ మరిది చెప్పినాడు గదా, నమ్మినా. శ్రావణ మాసానికి సరుకు దింపాల. కంభం, కురిచేడు, పామూరు దుకాణాలకు మాటిచ్చినా. వకీలు నిన్న చెప్పినాడు ఈ సంగతి. నువ్వు కాదంటే ఆ డబ్బాలన్నీ పాత ఇనుము వాడికి పొయ్యాల్సిందే."

"ఇప్పుడు నిజం చెప్పినావు. కాగితం ఇట్లియ్యి."

"చదివి చెప్పమంటావా?"

"కండ్లున్నాయి. 'చంద్రశేఖరరావు గారికి చెందిన ఫోటోలన్నింటి మీద' అని రాసినావు. చెందినవంటే?"

"ఆయన తీసినవే అత్తా."

"అయితే ఆ మాటే రాయి. లేకపోతే రేపు మా పెండ్లి ఫోటోలు గూడ నావేనంటావు. అవి ఒంగోలు నుంచి వచ్చినాయన తీసినాడు."

"ఓ, అదా నీ అనుమానం? రాస్తున్నా చూడు. 'ఆయన స్వయంగా తీసినవి మాత్రమే.' చాలా?"

"చాలు. పెన్నియ్యి."

"ఇక్కడొకటి. రెండో పేజీలో గూడ. అంతే అత్తా. నీ మేలు మర్చిపోను."

"ఇప్పుడన్నా చూపియ్యి ఆ బొమ్మ."

"ఇదిగో, డబ్బానే తెచ్చినా. సంచిలో ఉంది."

"ఓహో, అలివేలమ్మ."

"తెలుసా నీకు?"

"తెలియకేం. తర్లుపాడు కాడ వాళ్ళ దొడ్డి. చల్ల చిలుకుతా ఎట్ల నవ్వుతుందో చూడు, కొంగు జారిన సంగతి గూడ మరిచిపోయి."

"ఆ నవ్వుకే పడిపోయినా అత్తా. పట్నం నుంచి అమ్మాయిల్ని పిలిపించి, కవ్వం చేతికిచ్చి తీయించినా. ఒక్కటీ ఇట్ల రాలేదు. ఆ కాలం ఆడమనిషి పరాయి మగోడి ముందర అంత బాగా నవ్విందంటే, మామ చేతిలో ఏదో ఉంది."

"పరాయి మగోడి ముందర నవ్వలేదు నాయనా."

"అంటే?"

"వెనకాల ఇత్తడి బిందె ఉంది చూడు. దాని నడుము కాడ."

"ఆ మచ్చనా? డిజైన్ చేసినోడు తుడిపేస్తానన్నాడు. మెరుపులే, ఉండనీ అన్నా."

"ఫోన్లో ఉందా ఈ బొమ్మ? ఉంటే పెద్దది చేసి చూడు."

"చూస్తున్నా. బిందెలో మనిషి నీడ మాదిరి ఉంది. కెమెరా పట్టుకోని... ఇదేంది, చీరె కట్టుకోనుంది."

"మా స్టూడియోకి గోషా ఇండ్లోళ్ళు వచ్చేవాళ్ళు. మగోడు తీస్తే వాళ్ళు దిగరు. ఆయన లైట్లు సరిచేసి, తలుపు మూసి, బయట అరుగు మీద కూర్చునేవాడు. లోపల తీసేది నేను. వాళ్ళను చూసి తక్కిన ఆడోళ్ళు గూడ అమ్మ తీస్తేనే దిగుతామన్నారు. ఆడోళ్ళ కోసం పల్లెలకు గూడ నేనే పొయ్యేదాన్ని."

"మా వదిన ఫోటోలు కడిగేదని చెప్పినాడే మీ మరిది."

"కడిగినా. తీసినా గూడ. వెనకాల ముద్ర మాత్రం ఆయన పేరుతో పడేది. ఆడది తీస్తదని తెలిస్తే పెండ్లిండ్ల బేరాలు పోతాయని ఆయనకు భయం. ఆయన బతికుండంగా నేను నోరెత్తలేదు."

"ఈ మాట సంతకానికి ముందు చెప్పొచ్చు గదా."

"డబ్బాల సంగతి నువ్వు ముందు చెప్పినావా?"

"అయితే ఈ బొమ్మ?"

"తీసినామె పోలేదు, నీ ఎదురుగానే కూర్చోనుంది. ముందు డబ్బా మీద ఆ పేరు మార్చు. కోటిరత్నం అని ఉండాల. రేటు సంగతి దాని తర్వాత."

"లారీ సరుకంతా మళ్ళా అచ్చెయ్యమంటావా?"

"పేరు మీద చీటీ అంటించు. అల్లుడివి గాబట్టి చెప్తున్నా."

"మరి ఇప్పుడు నువ్వు పెట్టిన సంతకం? గది కొని, స్టాంపు కాగితం కొని, ఇంతసేపు బతిమాలి, ఆఖరికి నాకొచ్చింది ఏంది అత్తా?"

"మగోళ్ళ పాస్‌పోర్టు ఫోటోలు. మా ఇంటి అటక మీద ఇంకో రెండు పెట్టెలున్నాయి, అవి గూడ తీసుకపో."