పుట్టకొక్కుల జాగ

తెలంగాణ కోసం సంపత్ పాణం తీసుకున్నంక వచ్చిన తొలి వానకాలం. గూడూరు అడివంచున వాని దోస్తుకు సంపత్ తల్లి ఎదురైంది. ఆమె కొంగు నిండ గొడుగుల లెక్క విచ్చిన పుట్టకొక్కులున్నయి.

“అవ్వా, గివి సంపత్ పుట్టయే గద! గింత తెల్లగ, గింత లావుగ ఇంకెక్కడ మొలువయి.”

“అవు కొడుకా.”

“నీకెట్ల దొరికింది? చిన్నప్పటి సంది ఇద్దరం కలిసే కొక్కులకు తిరిగినం. బతికున్నన్ని దినాలు జాగ ఎవ్వలకు చెప్పద్దని నాతోని గూడ దాసిండు.”

“నాకు చెప్పిండు.”

“ఎప్పుడు?”

“హైదరాబాద్ పోయే పొద్దు. సద్ది కడుతుంటె పక్కన కూసోని చెప్పిండు. వాగు దాటినంక ఇప్పచెట్టు, దాని ఎనుకనే పుట్ట అన్నడు. ఏంది కొడుకా, గట్ల నిలవడ్డవు?”

“ఏం లేదవ్వ. అక్కడికి పోయినంక ఆవేశంల చేసుకున్నడనే అనుకున్నం అందరం.”

“నేను గూడ ఊరందరికి గట్లనే చెప్తున్న.”

“నువ్వు తల్లివి గద, అందుకే చెప్పిండేమో.”

“వాళ్ల బాపు గూడ వానికి జాగ చెప్పిండు, దవాఖానల పాణం పోయే పొద్దు. నేను పక్కనే ఉన్న కొడుకా. అన్నీ ఎరికుండి సద్ది కట్టి పంపిన.”