పగలని గొట్టం

పియర్ పూలు విచ్చిన ఉదయం, తొత్తొరి ప్రాంతపు కొండవాలులోని మా తోట షెడ్డులో నానమ్మ సూక్ష్మదర్శిని ముందు కూర్చుంది. వెనక అమ్మ.

“నువ్వు నిరుటినుంచి దాచిన పుప్పొడి చచ్చింది,” అంది నానమ్మ. “రేణువుల్లోంచి గొట్టాలు మొలవగానే పగిలిపోతున్నాయి. పారబోస్తా.”

“దేనిమీద చల్లారు అత్తయ్యా?”

“నీళ్లమీద. ఇంకెక్కడ?”

“వట్టి నీళ్లా! గొట్టం కొస గోడంతా మెత్తని పెక్టినే, మీ జామ్ గడ్డకట్టేది దానితోనే. మెత్తగా ఉంటేనే సాగుతుంది. వట్టి నీళ్లు తాగితే పగలదూ?”

“సాయంత్రానికి వాన, ఆలోపు పూలకి పుప్పొడి అద్దాలి. ఈ ఏటి కాపు పోతే జామ్ కబుర్లు తింటామా?”

అమ్మ, పూలోని తీపి తడిలా ఉండే పంచదార జిగురుమీద మళ్లీ చల్లింది. గంటయ్యాక నానమ్మని సూక్ష్మదర్శిని ముందుకి పిలిచింది.

“చూడండి.”

“సాగుతోంది... అయ్యో, పగిలేట్టుంది.”

“ఆగండి.”

“...పగల్లేదు.”

“అయితే?”

“పూలకద్దే ఈక కుచ్చులు తే. నిచ్చెన నేనెక్కుతా.”

“ఆ మోకాళ్లతోనా?”

“నీ పుప్పొడిని పారబోయబోయింది నేనేగా.”