తగ్గాల్సిన ఆరు కిలోలు

పొద్దున్నే వంటగది. గోడ వారగా బరువు చూసే మిషను. తల్లి, ముప్పై ఏళ్ల కూతురు. తలుపు అవతల గదిలో మంచం మీద తండ్రి.

"దిగి మళ్లీ ఎక్కవే. ఒక్కోసారి అది తప్పు చూపిస్తుంది."

"ఎన్నిసార్లు ఎక్కాలమ్మా? తప్పే చూపిస్తోందనుకో, ప్రతిసారీ అదే తప్పు చూపిస్తోంది."

"చెవులకి దిద్దులు..."

"తీసేశాను. గాజులు తీసేశాను. గడియారం తీసేశాను. ఇంక తీయడానికి చర్మం ఒక్కటే మిగిలింది."

"పొద్దున్నే అవేం మాటలే! ఆసుపత్రికి వెళ్లే రోజు, నోట మంచి మాట రానీ. ఎంతుంది?"

"డెబ్బై ఎనిమిది. పోయినసారి చూసినప్పుడూ డెబ్బై ఎనిమిదే. మొదలుపెట్టిన రోజు డెబ్బై తొమ్మిది. అంటే మూడు నెలలు కడుపు కట్టుకుని ఒక్క కిలో. అది కూడా జుట్టు కత్తిరించుకున్నందుకు తగ్గిందేమో."

"డ్రైవరమ్మా! ఏమైంది? తగ్గావా?"

"తగ్గాను నాన్నా! కొంచెం!"

"కొంచెమంటే ఎంతే?"

"కొంచెమంటే కొంచెమే. నువ్వు లేవకు. అమ్మ వస్తోంది."

"ఆయనతో అబద్ధమెందుకే?"

"నిజం చెప్పాలా? సరే, నువ్వెళ్లి చెప్పిరా."

"నేనా? నేనెందుకు చెప్తాను..."

"మరి ఊరుకో. లెక్క ప్రకారం ఇలా అవ్వకూడదమ్మా. చూడు. నా ఒంటికి రోజుకి పంతొమ్మిది వందల క్యాలరీలు ఖర్చు. కూర్చున్నా, నడిచినా, డ్రైవింగు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ల మీద అరిచినా, అన్నీ కలిపి. నేను తినేది పధ్నాలుగు వందలు. ఐదు వందలు తక్కువ పడుతున్నాయా?"

"పడుతున్నాయి."

"ఆ ఐదు వందలు ఎక్కడి నుంచి రావాలి? ఒంట్లో పేరుకున్న కొవ్వులోంచి. ఒక్కరోజులో ఏమీ కనపడదు. వారం మొత్తం కూడితే అటూ ఇటూగా అరకిలో. మూడు నెలలకి ఆరు కిలోలు. అప్పుడు నా కాలేయానికి పట్టిన కొవ్వు కరుగుతుంది, అప్పుడు అందులోంచి ముక్క కోసి నాన్నకి పెడతారు. ఇంతే కదా డాక్టరు చెప్పింది."

"ముక్క అనకే."

"ముక్కని ముక్క అనక ఏమనాలి?"

"ఏమీ అనకు. ఆ పక్కింటావిడ తోటికోడలి తమ్ముడు లేడూ, చిన్న ఆపరేషనే అని వెళ్లి..."

"అమ్మా, అది మూలశంక ఆపరేషను."

"అయితే? కత్తి కత్తే కదా!"

"ఆయనకేం? బాగానే తిరుగుతున్నాడు."

"తిరుగుతున్నాడు. కూర్చోలేడు."

"నవ్వించకమ్మా. నాకు నవ్వొచ్చే రోజు కాదివాళ."

"నేను నవ్వించడానికి చెప్పానా? నా భయం నాకు తెలుసు. నిన్ను ఆ చక్రాల మంచం మీద లోపలికి తోస్తుంటే, ఇటు ఒక గదిలో ఆయన, అటు ఒక గదిలో నువ్వు, మధ్య వరండాలో నేను. ఏ తలుపు వైపు చూడాలి నేను? చెప్పు. నాకు ఈ షుగరు లేకపోతే నాదే తీసుకోమందును. నువ్వు ఈ తూకాల బాధ పడేదానివే కాదు."

"ఎన్నిసార్లంటావమ్మా ఆ మాట?"

"అనక చావాలా? సరేలే... మరి రోజూ నడుస్తున్నావు కదా? అడుగులు లెక్కపెట్టే ఆ చేతి పట్టీ రోజూ నిన్ను మెచ్చుకుంటూనే ఉంటుందిగా."

"నడకకి మూడు వందలు ఖర్చయ్యాయంటుంది."

"అవి కూడా కలిపితే ఇంకా తొందరగా తగ్గాలి కదే?"

"తగ్గాలి."

"మరి?"

"మరేంటి మరి? పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి చూడు."

"ఏమోయ్! నా నీలం చొక్కా ఎక్కడ పెట్టావు?"

"ఇస్త్రీ చేశానండీ! తెస్తున్నా!"

"నీలమే తే! ఈ పసుప్పచ్చ మొహానికి అదైతేనే నప్పుతుంది! ఇదిగో తల్లీ, నీ కాలేయం నాలో పెడితే నేనూ నీలాగే ఆపకుండా వాగుతానేమో!"

"ఇప్పుడేం తక్కువ నాన్నా?"

"అదీ నిజమే! ఇంకో పదేళ్లు వాగనివ్వు చాలు! నీకు పుణ్యముంటుంది!"

"విన్నావా? రోజూ ఇదే. పదేళ్లు, పదేళ్లు."

"వింటూనే ఉన్నానే. నీ ఫోను మోగుతోంది."

"డైటు మేడం. స్పీకర్లో పెడతా. గట్టిగా మాట్లాడకు, ఆయనకి వినపడుతుంది... నమస్తే మేడం."

"నమస్తేమ్మా. చూసుకున్నారా పొద్దున్న?"

"డెబ్బై ఎనిమిది."

"అలాగే ఉందా! ఏంటమ్మా ఇది? డెబ్బై మూడుకి రావాలి మనం. పధ్నాలుగు వందలు దాటట్లేదు కదా?"

"దాటట్లేదు మేడం."

"పట్టీలో నడకకని ఒక నంబరు చూపిస్తుంది చూడండి. అవి ఖర్చయ్యాయి కదా అని పైన మళ్లీ ఏమన్నా తింటున్నారా?"

"లేదు మేడం."

"చాలామంది అక్కడే పప్పులో కాలేస్తారు. ఆ పట్టీ చెప్పేది ఒట్టి అంచనా, అది కూడా ఎక్కువే చూపిస్తుంది. పైగా మీకు పంతొమ్మిది వందలని వేసినప్పుడే మీ రోజువారీ నడక అందులో కలిపేశాను. మళ్లీ నడిచానని మూడు వందలు తిన్నారనుకోండి, ఒకే పనికి రెండుసార్లు జీతం తీసుకున్నట్టు."

"తెలుసు మేడం. మొదట్లోనే చెప్పారు."

"చెప్పాను కదా. ఒకసారి అమ్మగారికివ్వండి ఫోను."

"వింటున్నాను, చెప్పండమ్మా."

"అమ్మగారూ, వంట మీరే కదా? నూనె కొలిచి పోస్తున్నారా?"

"కొలిచే పోస్తున్నాను."

"ఎంత?"

"చెంచా."

"ఏ చెంచా?"

"చిన్నదే... మరీ చిన్నది కాదనుకోండి, ఉండాల్సినంత చెంచా."

"కూర పైన మెరుస్తుంటుందా?"

"మెరవదు. ఏముందని మెరవడానికి."

"తప్పు పట్టడానికి కాదమ్మా. భోజనం చెంచా నిండా పోస్తే నూట ఇరవై క్యాలరీలు..."

"తెలుసు. మా అమ్మాయి చెప్పింది."

"రోజు మొత్తంలో అలాంటివి నాలుగు ఎక్కువైతే చాలు, ఆ రోజు పిల్ల కడుపు మాడ్చుకున్నదంతా వృథా. నూనె నోటికి బరువుగా తగలదు, అన్నంలో కలిసిపోతుంది. అందుకని అడిగాను."

"లేదమ్మా. అలాంటిదేం లేదు."

"సరే. ఇవాళ స్కాను చూస్తారు. కొవ్వు ఇంకా అలాగే ఉంటే డాక్టరుగారు ఇక ఆగనంటున్నారు. అమ్మాయిని పక్కన పెట్టేసి, నాన్నగారిని వరసలోనే ఉంచుతారు. చనిపోయినవాళ్ల నుంచి వచ్చే కాలేయం కోసం చూసేవాళ్ల వరస."

"పెద్దదా ఆ వరస?"

"ఆయన చేతిలో ఉన్న టైము కంటే పెద్దది అమ్మగారూ. అబద్ధం చెప్పి మిమ్మల్ని ఊరడించలేను. తొందరగా వచ్చేయండి. ఉంటాను."

"పెట్టేసిందా?"

"పెట్టేసింది."

"నువ్వు అబద్ధమెందుకు చెప్పావే ఆవిడకి?"

"ఏం చెప్పాను?"

"ఏమీ తినట్లేదన్నావు. నీ ప్యాంటు ఉతకబోతే జేబునిండా బన్ను కాయితాలు. ఒకటా రెండా! నలిపి నలిపి ఉండలు చుట్టావు."

"ఆకలేసింది."

"ఆకలేస్తే ఇంట్లో చెప్పచ్చుగా?"

"రోజంతా కారులో పక్క సీట్లో కూర్చోవాలమ్మా. ఇవాళో రేపో లైసెన్సు వచ్చేసినట్టు స్టీరింగు తిప్పేవాళ్ల పక్కన. ఒక్కోరోజు నడిచొచ్చాక పట్టీ మూడు వందలనేది, తినేసేదాన్ని. ఇప్పుడేంటి, నన్ను నిలదీస్తావా? వదిలేయమ్మా."

"నిలదీయట్లేదే. నాకా మొహం ఎక్కడిది?"

"అంటే?"

"ఏం లేదు. చొక్కా ఇచ్చొస్తా."

"ఆగమ్మా. ఏదో దాస్తున్నావు నువ్వు."

"నిన్న మధ్యాహ్నం నువ్వు పనిలో ఉన్నావు. ఆయనకి తువ్వాలు తడిపి తెస్తే, మంచం మీద కాలు ఆడిస్తున్నారు. ఏంటండీ అంటే, 'ఎర్ర లైటు పడింది, బండి ఆగట్లేదు, బ్రేకు ఏదీ' అంటారు. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి! పక్క దుప్పట్లో కాలితో బ్రేకు వెతుకుతుంటే... నా పేరు పెట్టి పిలవమన్నాను. పిలవలేదే. నా మొహంలోకి చూసి, 'టికెట్టు తీసుకున్నారా అమ్మా' అన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మళ్లీ అరగంటకి మామూలయ్యారు. డాక్టరు చెప్పాడుగా, కాలేయం పని చెయ్యకపోతే ఆ విషం తలకెక్కుతుందని. అప్పుడు నేను ఆ మంచం కోడు పట్టుకుని అనుకున్నానే, ఈ మనిషిని చంపుతున్నది జబ్బు కాదు, నేనని."

"అవేం మాటలమ్మా? నువ్వేం చేశావు?"

"పోశానే."

"ఏంటి?"

"నూనె. నీ కూర వేరే గిన్నెలోకి తీసి. నీ అన్నంలో. సూపులో వెన్న. చెంచాకి నూట ఇరవై అని నువ్వే కదా నాకు చెప్పింది? వేళ్ల మీద లెక్కేసుకున్నాను. నువ్వు ఎన్ని తగ్గించుకుంటున్నావో అన్నీ పోశాను. చదువు రాదు రాదంటావుగా నన్ను, ఈ లెక్క మాత్రం తప్పలేదు నాకు."

"అమ్మా, మెల్లగా. నాన్న వింటాడు."

"విననీ! కాదు, కాదు, వినకూడదు. తలుపు వెయ్యి. నువ్వు తగ్గితే కోస్తారు. తగ్గకపోతే కొయ్యరు. నాకంతకుమించి ఏం తోచలేదే. ఆయన మొహం చూస్తే గిన్నె మీద చెయ్యి ఆగిపోయేది. నువ్వొచ్చి బల్ల దగ్గర కూర్చుంటే మళ్లీ నూనె చెంచా వంగిపోయేది. నువ్వు నా ఒక్కగానొక్క దానివి. ఆయన నా... ఎవర్ని వదులుకోమంటావు? రోజూ పొద్దున్న నువ్వు ఆ మిషనెక్కి దిగులుగా చూస్తుంటే, అమ్మయ్య అనుకునేదాన్ని. అనుకున్న మరుక్షణం అవతల గదిలో ఆయన దగ్గేవారు. ఎటు తిరిగినా గోడే."

"కూర్చో. ఇలా కూర్చో ముందు."

"తిట్టవే నన్ను. ఏంటలా చూస్తావు? చెంప మీద కొట్టు, పడతాను."

"నీళ్లు తాగు."

"ఏమర్రా! ఇద్దరూ ఏం గుసగుసలాడుతున్నారక్కడ?"

"నీ మీద చాడీలు నాన్నా!"

"చెప్పుకోండి చెప్పుకోండి! బండెక్కాక ఏం మాట్లాడుకుంటారు మరి!"

"వస్తున్నాం! బూట్లు నేనే తొడుగుతా, నువ్వు వంగకు!"

"ఎలా నవ్వుతున్నావే ఇంత విన్నాక?"

"ఏం చెయ్యమంటావు, ఏడవనా?"

"ఇప్పుడైనా మించిపోలేదే. దార్లోనే డాక్టరుకి చెప్పేస్తాను, తప్పు నాది, పిల్లది కాదని. కాళ్లు పట్టుకుంటాను. ఇంకో నెల ఇమ్మంటాను. ఇవాళ్టి నుంచి చుక్క పొయ్యను. ఒట్టు. ఉడకబెట్టినవే పెడతాను. నువ్వు నడువు, ఆ బన్నులు మానెయ్యి. నెలలో రెండు మూడు కిలోలన్నా తగ్గితే డాక్టరు ఒప్పుకుంటాడేమో. నువ్వు బాగానే బయటికొస్తావులే. అందరూ వస్తున్నారుగా? వస్తావు కదే?"

"డాక్టరుకి ఏం చెప్పొద్దు."

"చెప్పకపోతే ఎలాగే? నీకు చేతకాలేదనుకుంటారు."

"అనుకోనీ."

"మూడు నెలలు నువ్వు ఆకలితో పడిన పాట్లు..."

"పాట్లేం పడలేదమ్మా. ఆకలితో మాడేవాళ్లు జేబులో బన్ను పెట్టుకుని తిరుగుతారా? డైటు మేడం తినొద్దన్నాకే కదా నేను తినడం మొదలుపెట్టింది."

"ఏంటి నువ్వంటున్నది?"

"నూనె పోస్తే నోటికి తెలీదా అమ్మా? గిన్నె కడిగేది నేనే కదా, చేతికి తెలీదా? మొదటి వారంలోనే తెలిసిపోయింది."

"తెలిసీ తిన్నావా? తెలిసీ నన్నొక్క మాట అడగలేదా? ఎందుకే తల్లీ?"

"నువ్వు పోస్తున్నంతకాలం, 'నాకు భయమేస్తోంది, నేనివ్వలేను' అని నాన్నతో నేను చెప్పాల్సిన పని లేకపోయింది."