పలకలో లోపం

మధ్యాహ్నం మూడున్నర. వంటగదిలో అమ్మమ్మ, అప్పుడే అబ్జర్వేటరీ నుంచి పరిగెత్తుకొచ్చిన మనవరాలు.

"రానంటే రాను. ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

"ఎందుకు రావో చెప్పు, వదిలేస్తా."

"మోకాళ్లు."

"మొన్న మార్కెట్ అంతా తిరిగావు. అప్పుడు ఎవరి మోకాళ్లతో తిరిగావు?"

"అప్పుడు ఇంత నొప్పి లేదు. ఆ పాలు చూడు, పొంగుతున్నాయి."

"పొయ్యి వెలిగించనే లేదు అమ్మమ్మా."

"అయితే వెలిగించు. నాలుగవుతోంది."

"మాట మార్చకు. ఆదివారం పొద్దున ఒక్క గంట. వచ్చి కూర్చోవడమే. రెండు వందల మంది స్కూలు ఆడపిల్లలు వస్తున్నారు. వాళ్లకి నిన్ను చూపించాలని మా మేడమ్ సరదా పడుతోంది."

"నేనేమన్నా జూలో జంతువునా, చూపించడానికి?"

"జంతువు కాదు, నక్షత్రాన్ని కనిపెట్టిన మనిషివి! నాలుగు వందల రోజులకోసారి మాయమై, రెండ్రోజుల్లో మళ్లీ వెలిగే నక్షత్రం. కొత్త దుర్భిణికి మొన్న దొరికిందని అందరూ గంతులేస్తుంటే, మేడమ్ పాత పుస్తకాలు తిరగేసింది. నలభై ఐదేళ్ల కిందటే ఉందట. ఎవరో 'లోపం' అని కొట్టిపారేశారట, అయినా ఏడో నంబరు చూసిందని రాసుందట. నువ్వక్కడ పనిచేసినప్పుడు ఏడో నంబరు నువ్వేగా?"

"ఏడో నంబరు ఎంతమందికి ఇచ్చారో."

"హాజరు పుస్తకం కూడా చూశారు. ఆ ఏడాది నువ్వే."

"మీ మేడమ్‌కి వేరే పనేం లేదా?"

"ఇదే ఆవిడ పని. ఐదింటికల్లా పేరు పంపాలట. మొదట చూసినవాళ్లు అని ఆ నక్షత్రం పక్కన నీ పేరు పడుతుంది. ప్రపంచమంతా చదువుతుంది. నేను ఫోన్ చేసి ఊ అంటే చాలు."

"ఊ అనకు."

"అమ్మమ్మా!"

"ఊ అనొద్దు అన్నానా లేదా?"

"ఏం మనిషివి బాబూ. నేనక్కడ చేరి నెలయింది. నువ్వేం చేసేదానివంటే, 'ఏదో గుమాస్తా పనే' అని తేల్చేశావు."

"గుమాస్తా పనే. రాత్రి వాళ్లు దుర్భిణిలోంచి ఫొటోలు తీస్తారు, పగలు మేము ఆ గాజుపలకలు చూస్తాం. వాటిలో అంతా తలకిందులు. ఆకాశం తెల్లగా, చుక్కలు నల్లగా. భూతద్దం పెట్టుకుని ఒక్కో చుక్కా కొలవాలి. ఎనిమిది మంది ఆడవాళ్లం. ఇంటికొచ్చి బియ్యం ఏరుతుంటే బియ్యంలో కూడా చుక్కలే."

"దుర్భిణిలోంచి చూసేవాళ్లు కాదా?"

"ఆ గదిలోకి మమ్మల్ని రానిస్తేగా. ఆడవాళ్లకి చలి పడదట."

"ఎవరన్నారు?"

"పెద్దసారు. స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని మరీ అన్నాడు."

"హ... అమ్మమ్మా, ఆ రెండో గ్లాసు ఎవరికి? నేను టీ తాగనుగా."

"ఉండనీ."

"లెక్కలమ్మమ్మకా?"

"ఉండనీ అన్నానా!"

"ఆవిడ పోయి ఏడాది కావస్తోంది."

"నాకు తెలీదా? అది టీకి వచ్చే వేళకే, నాలుగింటికి, గేటు గడియ చప్పుడవుతుంది. రోజూ. వెళ్లి చూస్తే వేసిన గడియ వేసినట్టే ఉంటుంది. చెప్పులు ఈడ్చుకుంటూ నడిచేదే, ఆ చప్పుడు కూడా... నవ్వకు."

"నవ్వట్లేదు."

"భయంగా ఉందే నాకు. బతికున్నప్పుడూ భయమే. ఇప్పుడు ఇంకా ఎక్కువ."

"లెక్కలమ్మమ్మంటే భయమేంటి? బొద్దింకని చూస్తే కుర్చీ ఎక్కేది ఆవిడ! అమ్మకి లెక్కలు చెప్పింది, నాకు చెప్పింది, డాబా మీద పడుకోబెట్టి చుక్కలన్నీ చూపించింది. నేను ఈ చదువులోకి వచ్చిందే ఆవిడ వల్ల."

"ఎనిమిదో నంబరు."

"ఏంటి?"

"అది ఎనిమిదో నంబరు. నా పక్క బల్ల."

"ఆవిడ కూడా అక్కడే చేసిందా? ఒక్కసారైనా అనలేదే!"

"ఆ ఊసెత్తితే నేను లేచి వెళ్లి గిన్నెలు తోముకునేదాన్ని. నాలుగుసార్లు చూసి అదీ మానేసింది."

"ఎందుకలా?"

"ఆ చుక్క సంగతి కనిపెట్టింది అది. నేను కాదు."

"కానీ పుస్తకంలో..."

"పుస్తకం సంగతి తర్వాత. ముందు విను. పదిహేనేళ్ల పలకలు వరసగా పేర్చుకుని చూసింది. అన్నం మానేసి చూసింది. నాలుగు పలకల్లో ఒక చుక్క లేదు. ఉండాల్సిన చోట ఖాళీ. పెద్దసారు నవ్వాడు. గాజు మీద మందు సరిగ్గా పట్టకపోతే అలాగే అవుతుంది, అది పలకలో లోపం అన్నాడు. ఎనిమిదో నంబరేమో కాదంటుంది. అక్కడో పద్ధతి ఉంది. ఒకళ్లు చూసింది రెండోవాళ్లు మళ్లీ చూసి పుస్తకంలో రాయాలి. ఆ రెండోవాళ్ల మాటే చివరి మాట. పుస్తకంలో ఉండేదీ వాళ్ల నంబరే."

"ఆ రెండో మనిషి నువ్వు."

"ఆఁ."

"చూశావా?"

"చూశాను. ఒక పలకలో ఖాళీ. మర్నాటి పలకలో అదే చోట గుడ్డి చుక్క, ఆవగింజలో సగం ఉంటుంది. గాజులో లోపమైతే, మర్నాడు వేరే గాజు మీద సరిగ్గా అక్కడే ఎందుకు మసకేస్తుంది? అది చెప్పిందంతా నిజం."

"మరి? ఏం రాశావు?"

"టీ వడకట్టవే."

"ఏం రాశావు అమ్మమ్మా?"

"చల్లారిపోతుంది."

"పోనీ. ఏం రాశావు?"

"'పలకలో లోపం' అని రాశాను."

"అది... అది పెద్దసారు రాశాడనుకున్నాం మేమంతా."

"ఆయనకేం అవసరం? నేనున్నాగా."

"ఎందుకు అలా?"

"మీలో ఒకళ్లని దుర్భిణి గదిలోకి తీసుకుంటాం అని ముందురోజే అన్నాడు. అయితే నేను కావాలి, లేకపోతే ఎనిమిదో నంబరు కావాలి. నేనే వెళ్లాలనుకున్నాను. పైగా కుళ్లు. పదేళ్లుగా పక్కపక్కనే కూర్చున్నాం, దానికి దొరికింది నాకెందుకు దొరకలేదని ఒళ్లంతా మంట. చాలా, ఇంకా చెప్పాలా?"

"తీసుకున్నారా నిన్ను?"

"ఎక్కడే? చలి పడదన్నానుగా."

"ఆవిడనేం చేశారు?"

"లేనివి కల్పిస్తోందని ఇంటికి పంపేశారు. అట్టపెట్టెలో సామాను సర్దుకుని నా బల్ల పక్కనుంచే వెళ్లింది. నేను తలెత్తలేదు. భూతద్దంలోకి చూస్తూ కూర్చున్నాను. ఏం చూశానో నాకే తెలీదు. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ ఖాళీయే కనిపిస్తుంది. కంటిలో నలక పడ్డట్టు అక్కడే ఉంటుంది, పోదు."

"రాసింది నువ్వేనని ఆవిడకి..."

"తెలీదు. పుస్తకం పెద్దసారు గదిలో బీరువాలో ఉండేది, రాసేవాళ్లకి తప్ప ఎవరికీ చూపించరు. నాకేం కనిపించలేదని దాంతో అన్నాను. 'పోనీలే, కళ్లన్నీ ఒకలా ఉంటాయా' అంది. తెలిస్తే ఈ గడప తొక్కేదా? నా చేతి టీ తాగేదా? అన్నేళ్లు?"

"చెప్పుండాల్సింది అమ్మమ్మా."

"అనుకోని రోజుందా? ఆస్పత్రిలో ఆఖరికి నోరు తెరిచాను. అది నా చెయ్యి పట్టుకుని, 'ఇక్కడ టీ ఏం బాగాలేదే' అంది. అయిపోయింది."

"అంటే ఏమీ తెలియకుండానే పోయింది ఆవిడ."

"ఏడవకు. ఏడవాల్సింది నువ్వు కాదు. ఫోన్ తీసి మీ మేడమ్‌కి చెప్పు. ఎనిమిదో నంబరు పేరు రాయమను. ఏడో నంబరు ఏం చేసిందో అది కూడా చెప్పు."

"అమ్మకి తెలిసిపోతుంది."

"తెలియనీ. మీ అమ్మ నన్ను నాలుగు మాటలంటుంది, పడతాను. ఆదివారం నేనే వస్తా. ఆ పిల్లలకి నేనే చెప్తా. పక్క బల్ల పిల్ల చూసినదాన్ని లేదనొద్దని చెప్తా."

"మరి మోకాళ్లో?"

"నోర్ముయ్."

"సరే, చేస్తున్నా. రింగవుతోంది..."

"ఆగు. పెట్టెయ్."

"మళ్లీ ఏమైంది?"

"నేను చూశానని ఎక్కడ రాసుంది?"

"అదే, పుస్తకంలో."

"నేను రాయలేదు. లోపం అని రాసి మూసేశాను. చూశానని ఎవరితోనూ అనలేదు. మీ తాతయ్యతో కూడా అనలేదు. ఎవరు రాశారు?"

"ఏమో. మేడమ్ పేజీ ఫొటో పంపింది, పైన మెసేజ్ చదివి నేను సంతోషంతో పరిగెత్తుకొచ్చేశా. ఉండు, పెద్దది చేస్తా. ఇదిగో 'పలకలో లోపం', ఏడో నంబరు. ఇది నీ రాతేగా?"

"ఆఁ."

"దీని కింద పెన్సిల్‌తో ఏదో ఉంది."

"కింద ఏమీ లేదు. నేను రాసినప్పుడు ఏమీ లేదు."

"ఉంది అమ్మమ్మా. 'లోపం కాదు. ఏడో నంబరు కూడా చూసింది. ఖాళీ కనిపించగానే ఊపిరి బిగపట్టింది. నేను పక్కనే ఉన్నాను.'"

"మళ్లీ చదువు."

"'ఊపిరి బిగపట్టింది. నేను పక్కనే...' అమ్మమ్మా, ఈ ఏడు అంకె చూడు. మధ్యలో అడ్డగీత. ఇది లెక్కలమ్మమ్మ రాత."

"తేదీ ఉందా?"

"ఉంది. ఆరో నెల, పదకొండు."

"అది వెళ్లిపోయిన రోజు. తాళాలివ్వడానికి సారు గదిలోకి, ఆ బీరువా ఉన్న గదిలోకే వెళ్లి, ఎంతసేపటికీ బయటికి రాలేదు."

"అంటే ఆవిడకి అప్పుడే తెలుసు. మొత్తం తెలుసు."

"మర్నాడే ఈ ఇంటికొచ్చిందే అది. ఆ కుర్చీలో కూర్చుని, 'ఇప్పుడు నాకు పనేం లేదుగా, నీ కూతురికి లెక్కలు నేను చెప్తా' అంది."