మావయ్య మోడల్లో కదలని గీత

సబ్‌స్టేషన్ గేటు బయట టీకొట్టు బల్ల మీద మా మావయ్య కూర్చున్నాడంటే, పక్కన కూర్చున్నవాళ్లంతా ఆయన మాటలు వినడానికే పుట్టినట్టు లెక్క. ఆ మధ్యాహ్నం నేనూ, మా లైన్‌మనూ అలా దొరికిపోయాం. మావయ్య మా ఆఫీసులోనే మోడలింగ్ సెక్షన్‌కి పెద్ద. ట్రాన్స్‌ఫార్మర్‌కి స్విచ్ వేస్తే, పిడుగు పడితే, ఆ క్షణంలో లోపల ఏం జరుగుతుందో కంప్యూటర్లో ముందే లెక్కకట్టి చెప్పే మహానుభావుడు.

చెప్పేది ఆయన, స్విచ్ వేసేది నేను. రిపేరై వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ ఒకటుంది. కరెంటు హద్దు దాటగానే సప్లై కట్ చేసే రిలేని ఆయన రిపోర్టు ప్రకారమే పెట్టి, పొద్దున్న రెండుసార్లు స్విచ్ వేశాను. రెండుసార్లూ ట్రిప్పయింది. మూడింటికి మళ్లీ వెయ్యాలి. ఈసారీ ట్రిప్పయితే లోపం ట్రాన్స్‌ఫార్మర్లోనే ఉందని దాన్ని లారీ ఎక్కిస్తారు, నా చేతిలో మెమో పెడతారు.

"ఏముందే అమ్మడూ, నేను చేసింది చిన్న పనే," అని మొదలుపెట్టాడు మావయ్య. ఆయన చిన్న పని అన్నాడంటే మేం కాళ్లు చాపుకొని కూర్చుంటాం.

"మామూలు వాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ అంటే నాలుగు గీతలు గీసి ఊరుకుంటారు. నేను లోపలి తీగ ఎన్ని చుట్లు తిరిగిందో ఒక్కొక్కటే లెక్కపెట్టాను, వెయ్యీ ఎనిమిది వందల నలభై రెండు. వాటి మధ్య కాగితం మందం, నూనె జిగట, పైన వాలే కాకి బరువు, అన్నీ ఎక్కించాను."

"కాకి ఎందుకు సార్?" అన్నాడు టీకొట్టాయన.

"పిడుగు పడితే కాకి ఎగురుతుంది కదా, ఎగిరితే బరువు తగ్గుతుంది కదా, అదంతా లెక్కలోకి రావద్దూ? ఆ తర్వాత ఏమైందో తెలుసా? మోడల్ ఎంత అచ్చంగా కుదిరిందంటే, కంప్యూటరే ట్రాన్స్‌ఫార్మర్‌లా గుయ్యిమనడం మొదలెట్టింది, కీబోర్డులోంచి నూనె కారింది, మీ అత్తయ్య గుడ్డ తెచ్చి తుడిచింది, కావాలంటే అడుగు."

అత్తయ్యని ఏదైనా అడిగే ధైర్యం ఆయనకే లేదు, నాకెక్కడిది.

"ఇక పిడుగు పరీక్ష. పది లక్షల వోల్టుల పిడుగుని మోడల్లోకి వదిలాను. వదిలీ వదలగానే బయట ఎర్రటి ఎండలో ఆకాశం ఉరిమింది, వీధి వీధంతా ఆరేసిన బట్టలు లోపలికి తీసుకుంది. పిడుగు సగం దాకా వచ్చి, ఇది ఎవరు కట్టిన మోడలో తెలుసుకొని, వచ్చిన దారినే మేఘంలోకి వెళ్లిపోయింది. అంతటితో అయిందా? ఆ వారమే కరెంటు పోతే మీ అత్తయ్య మిక్సీ వైరు నా లాప్‌టాప్‌కి తగిలించి పని కానిచ్చుకుంది, అది చూసి పక్కింటివాళ్లు ఒక వైరు లాక్కున్నారు, వాళ్లని చూసి ఎదురింటివాళ్లు, ముప్పావు గంటలో ఊరు ఊరంతా నా ఒళ్లోని లాప్‌టాప్ మీద వెలిగింది."

"తొడలు కాల్లేదా సార్?" అని లైన్‌మన్ చాలా వినయంగా అడిగాడు.

"కాలాయి. ఊరి కోసం ఓర్చుకున్నాను."

వాచీ చూసుకుంటే రెండు దాటింది. ఇక లాభం లేదని, స్విచ్ సంగతి చెప్పమన్నాను.

"అక్కడికే వస్తున్నా. స్విచ్ వెయ్యగానే ఏ ట్రాన్స్‌ఫార్మరైనా ఆకలి మీదున్నవాడిలా ఒక్క గుటకలో బోలెడు కరెంటు మింగుతుందంటారు. నా దగ్గరా ఆ ఆటలు? తెర మీద కరెంటు గీత కదిలితే ఒట్టు. స్కేలు పెట్టి గీసినట్టు సున్నా మీద పడుకుంది. అందుకే రిపోర్టులో రాసేశాను, కరెంటేమీ తోసుకురాదు, రిలే హద్దు బాగా కిందికి పెట్టుకోండి అని."

ఆ ముక్క నమ్మే పొద్దున్న రెండుసార్లు నవ్వులపాలయ్యాను. ఒళ్లు మండిపోయింది. మేనమామ అయిపోయాడు గానీ లేకపోతే.

"మావయ్యా, మోడల్లో స్విచ్ ఎన్నో సెకనులో వేశావు?"

"ఐదో సెకనులో. అందరూ మొదలవగానే వేసేస్తారు, తొందర మనుషులు. నేను దాన్ని ఐదు సెకన్లు సర్దుకోనిచ్చాను."

"లెక్క మొత్తం ఎన్ని సెకన్లు నడిపావు?"

"ఒకే ఒక్క సెకను. తెలివి చాలనివాళ్లు పదేసి సెకన్లు నడుపుతారు. నాకు ఒక్క సెకను చూస్తే మొత్తం అర్థమైపోతుంది."

టీకొట్టాయన గిన్నె కింద పెట్టి వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు. "అంటే సార్, స్విచ్ వెయ్యడానికి నాలుగు సెకన్ల ముందే కొట్టు కట్టేశారన్నమాట."

లైన్‌మన్‌కి పొలమారింది. మావయ్య సంచిలోంచి లాప్‌టాప్ తీసి, స్విచ్ వేసే సమయం దగ్గర ఐదు చెరిపి, సున్నా పాయింట్ ఒకటి కొట్టి మళ్లీ నడిపాడు. పడుకున్న గీత లేచి తెర పైఅంచు దాటి పోయింది, మామూలు కరెంటుకి ఎనిమిది రెట్లు. ఆ తర్వాత మెల్లమెల్లగా దిగింది. ట్రాన్స్‌ఫార్మర్‌కి ఏ జబ్బూ లేదు, పొద్దున్న అది మింగింది మామూలు గుటకే. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అమ్మడూ," అన్నాడు మావయ్య గొంతు తగ్గించి, "ఇంత వస్తుందా?"

వస్తుందని చెప్పి, రిలే మార్చడానికి లేచాను. నాకు ఊహ తెలిశాక ఆయన తెలియక ఒక మాట అడగడం అదే మొదటిసారి.