ఇరవైరెండో నంబరు చొక్కా

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం, టార్విల్ అనే చిన్న ఊరు. మాంసం కొట్టు వెనక గదిలో డెబ్బై మూడేళ్ల డ్వైట్ క్రాంజ్ పంది పక్కటెముకలు నరుకుతున్నాడు. ఎదురుగా స్టూలు మీద, ఒళ్లో కాగితాల సంచీతో, కళ్లజోడు పెట్టుకున్న, ఇంచుమించు అంతే వయసు మనిషి.

"సంతకం పెట్టనన్నానుగా. ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు?"

"ఇంకొక్కసారి చెప్పండి. రెండు వందల మైళ్లు బస్సులో వచ్చాను. ఒక్క మాటకే లేచిపోతే ఏం బాగుంటుంది?"

"పెట్టను. అయిందా? తలుపు నీ వెనకాలే ఉంది."

"కాగితం చదవనేలేదు మీరు."

"చదవక్కర్లేదు. పైన 'కాలేజీల క్రీడా సంఘం' అని కనబడుతూనే ఉంది. యాభై రెండేళ్లయింది దాని మొహం చూసి. ఇంకా చావలేదా అది?"

"బాగానే ఉంది. పంతొమ్మిది వందల ఇరవై ఒకటిలో ఆరు కాలేజీలతో మొదలై..."

"నాకు చెబుతావేం! ఆరూ చర్చి కాలేజీలే. ఒకటి కాలిపోయింది, మళ్లీ కట్టుకోలేదు. ఒకటి పక్కదాంట్లో కలిసిపోయింది. ఒకళ్లేమో ఫుట్‌బాల్ అని బంతి చంకన పెట్టుకుని ఒకళ్లనొకళ్లు పడగొట్టుకుంటే దేవుడికి కోపం వస్తుందని మానేశారు, నాలుగేళ్లకి దేవుడు చల్లబడ్డాడని మళ్లీ వచ్చి చేరారు. మేమూ ఇంకొకళ్లూ ఎక్కడికీ పోలేదు. ఇక లిండ్‌హోమ్..."

"ఊఁ, లిండ్‌హోమ్?"

"వెళ్లిపోయింది."

"ఎందుకు?"

"వెళ్లిపోయింది, అంతే. కాస్త వెనక్కి జరుగు, ఎముక ముక్కలు మొహాన పడతాయి."

"సంఘం పుస్తకంలోనూ అంతే ఉంది. 'పంతొమ్మిది వందల యాభై ఏడు. లిండ్‌హోమ్ తప్పుకుంది.' ఇంకొక్క ముక్క లేదు. ఏటా సమావేశంలో లిండ్‌హోమ్ కుర్చీ ఖాళీగానే వేసి ఉంచుతారు. ఇప్పుడు వాళ్లు మళ్లీ చేరతామంటున్నారు. రేపు పొద్దున్నే ఓటు."

"చేరనీ. నన్నెందుకు చంపుతావు?"

"నియమం ఉంది కదండీ, మొదటిరోజు రాసుకున్నది. వెళ్లినవాళ్లు తిరిగి రావాలంటే ఎందుకు వెళ్లారో రాయాలి. రెండు వైపులవాళ్లూ సంతకం పెట్టాలి. ఆ ఏడు వాళ్లతో ఆఖరి ఆట ఆడిన టార్విల్ కాలేజీ జట్టులో మిగిలింది మీరొక్కరే."

"అవతలివైపు ఎవడు పెడతాడు?"

"ఒకడున్నాడు. మీది అయ్యాక పెడతాడు."

"ఇంతకీ నీ పేరేంటన్నావు?"

"అనలేదు. సంఘం పనిమీద వచ్చిన మనిషిని. మీరు ముందు ఇది చెప్పండి. వెండెల్ రూల్ ఎలా చచ్చిపోయాడు?"

"ఆ పేరెత్తకు."

"వెండెల్ రూల్..."

"ఎత్తొద్దన్నానా! నా కొట్లో ఎత్తొద్దు! ఇంకోసారి ఆ పేరు నీ నోట్లోంచి వచ్చిందా, ఈ కత్తి ఎక్కడ దిగుతుందో నాకే తెలీదు!"

"కింద పెట్టండి."

"లే! లేచి బయటికి నడు!"

"లేవను. నాకూ డెబ్బై మూడు. నరికితే నరకండి, చూసి పోతాను. కానీ వాడు ఎలా పోయాడో చెప్పి నరకండి."

"ఛీ! పో, ఈ మొద్దులోనే దిగు!"

"అమ్మయ్య. మొద్దులో అంత లోతు దింపారు, మళ్లీ ఊడబెరకగలరా?"

"రోజూ చేసే పనే. అవతల ఆ సీసా అందుకో. ఒద్దులే, కూర్చో. తాగి చెప్పే ముక్క కాదిది."

"ఎవరు చంపమన్నారు మిమ్మల్ని?"

"ఎవరు చెబితే ఏం? చేసింది నేను."

"అయినా చెప్పండి."

"బక్ స్ట్రాన్. మా కోచ్. ఇప్పుడు మా మైదానానికి ఆ మహానుభావుడి పేరే పెట్టారు, గేటు మీద ఇత్తడి అక్షరాలు. ఆ పక్కనుంచి వెళ్లాల్సొస్తే ఊరంతా చుట్టి వెళతాను నేను. ఆ రోజు సగం ఆట అయ్యేసరికి ఓడిపోతున్నాం. లిండ్‌హోమ్‌లో ఇరవైరెండో నంబరువాడు ఒకడుండేవాడు. బంతి చంకన పెట్టుకున్నాడంటే ఇక చేతికి దొరకడు. మూడుసార్లు నన్ను దాటిపోయాడు. మూడోసారి వెనక్కి తిరిగి నవ్వాడు కూడా, దొంగవెధవ. నీలం కళ్లు."

"తర్వాత?"

"విరామంలో గదిలోకి వెళ్లాం. గదంటే ఏముంది, పాత గుర్రాల కొట్టం. మధ్యలో నాలుగు చెక్కలు కొట్టి ఇటు మేము, అటు వాళ్లు. వాళ్లు ప్రార్థన చేసుకుంటే మాకు వినబడేది. వాళ్లు 'ఆమెన్' అంటే మావాళ్లు ఇటునుంచి వెక్కిరిస్తూ 'ఆమెన్' అనేవాళ్లు."

"ఆ కొట్టం నాకు... ఊఁ, చెప్పండి."

"బక్ లోపలికి వస్తూనే నీళ్ల బకెట్ తన్నాడు. నన్ను మెడ పట్టి లేపి ఒకటిచ్చాడు, ఇదిగో ఈ చెవి మీద. ఇప్పటికీ ఇటువైపు వినబడదు. 'ఆ ఇరవైరెండుగాడు మళ్లీ నేల మీంచి లేవకూడదు. కాలు విరుస్తావో మెడ విరుస్తావో నాకనవసరం. వాడు లేచాడంటే నీకు నా జట్టులో చోటు లేదు' అన్నాడు."

"గట్టిగానే అన్నాడా?"

"ఆయనకి మెల్లిగా మాట్లాడ్డం ఎప్పుడొచ్చింది? ఎందుకూ?"

"ఏం లేదు. కాగితంలో ఉండాలి కదా."

"రాసుకో అయితే. ఇదీ రాసుకో. వాడి దగ్గర బంతి లేదు. ఈల వేశారు, ఆట ఆగింది, అందరూ నిలబడిపోయారు. నేను ఆగలేదు. పరిగెత్తుకుంటూ వెళ్లి దవడ కింద మోచెయ్యి వేసి లేపాను. పళ్లు రాలి నా చేతిమీద పడ్డాయి. వెల్లకిలా పడ్డాడు. పడ్డవాడి మెడమీద మోకాలు వేసి నా బరువంతా మోపాను. ఫట్‌మంది. రాస్తున్నావా?"

"రాస్తున్నాను."

"తర్వాత మొహం మీద బురద తుడిచాను. ఎందుకు తుడిచానో తెలుసా? ఇప్పుడు నవ్వరా చూద్దాం అందామని. కళ్లు నీలం కాదు. గోధుమరంగు. వాడు కాదయ్యా! వాడు కాదు!"

"నెమ్మది."

"చొక్కాల సంగతి నాకు తెలియదా? సంఘంలో ఆరు కాలేజీలూ బీదవే. ఎవరికీ సరిపడా చొక్కాలుండేవి కావు. నంబరు లేకుండా మైదానంలోకి దిగకూడదని నియమం. అందుకని బయటికొచ్చినవాడు చొక్కా విప్పి ఇస్తే లోపలికెళ్లేవాడు అదే తొడుక్కునేవాడు. మూడేళ్లు నేనూ అలాగే చేశాను, ఎదుటివాడి చెమట నా ఒంటికి రాసుకుని దిగాను. అంతా తెలిసి కూడా, వానలో మొహాలు కనబడక, నంబరునే మనిషనుకున్నాను. ఇరవైరెండువాడికి విరామంలో మోకాలు బెణికిందట. ఈ రూల్ వాడి చొక్కా వేసుకుని దిగాడు. నాలుగేళ్లు బెంచీ మీదే కూర్చున్నాడట పాపం. అదే మొదటిసారి దిగడం."

"అవును. మొదటిసారే."

"దిగేటప్పుడు వాడూ నవ్వుతూనే ఉన్నాడు. అది చూసే నాకు ఒళ్లు మండింది, వాడే వీడనుకున్నాను."

"తర్వాత గొడవైంది కదా?"

"గొడవా! మెడ విరిచిందీ మేమే, మళ్లీ రాళ్లు రువ్విందీ మేమే. ఈల వేసినాయన్ని పడేసి బూట్లతో తొక్కారు. లిండ్‌హోమ్ బస్సుకి ఒక్క అద్దం మిగల్లేదు. డ్రైవరుకి కన్ను పోయింది. ఆ పగిలిన బస్సులోనే రూల్‌ని తలుపు చెక్క మీద పడుకోబెట్టి తీసుకుపోయారు. తొమ్మిదో రోజు పోయాడు. సంఘం కూర్చుని 'ఆటలో ఇవి మామూలే' అని తేల్చింది. లిండ్‌హోమ్ లేచి వెళ్లిపోయింది. వెళ్లదూ మరి?"

"బక్ ఏమన్నాడు?"

"నా భుజం తట్టాడు. ఆయన ఇంటికెళ్లి దవడ విరగ్గొట్టాను. వాళ్లావిడ ముందే. మెట్ల మీంచి జారిపడ్డానని చెప్పుకున్నాడు ఊళ్లో. నన్ను మాత్రం జట్టులోంచి తియ్యలేదు. చూశావా ఎంత గౌరవమో నాకు!"

"ఎవరికీ చెప్పలేదా మీరు ఇన్నేళ్లూ?"

"మా ఆవిడకి కూడా చెప్పలేదు. పోయేముందు అడిగింది, 'నిద్రలో ఎవరి మెడ పిసుకుతావు డ్వైట్?' అని. పందిని కలగన్నానన్నాను. ఇవ్వు ఆ కలం."

"చదివి పెట్టండి."

"నేను చెప్పిందేగా. ఇదిగో. డ్వైట్ క్రాంజ్. వేలికి నెత్తురుంది, కాగితానికి అంటుకుంది, ఏమనుకోకు. పందిదేలే. ఇక అవతలివాణ్ణి పిలు. లిండ్‌హోమ్ తరఫున పెట్టేవాడెక్కడ?"

"ఇక్కడే ఉన్నాడు."

"ఇక్కడ నువ్వూ నేనూ... ఏయ్. కళ్లజోడు తియ్యి."

"ఎందుకు?"

"తియ్యమంటున్నానా!"

"తీశాను. చూడు."

"ఓరి దేవుడా. ఆ నీలం కళ్లు! టెల్లెఫ్‌సన్! ఆస్కార్ టెల్లెఫ్‌సన్! ఆ ఇరవైరెండో నంబరువాడివి నువ్వే!"

"అవును, నేనే."

"ఇందాకణ్ణుంచీ నా ఎదురుగా కూర్చుని... ముందే చెప్పొద్దా? కొట్టు నన్ను. లే, లేచి కొట్టు! మొద్దులో కత్తి ఉంది, పెరుకు. నీ మెడకి అనుకున్న దెబ్బే నీ స్నేహితుడి మెడకి తగిలింది. యాభై రెండేళ్లనుంచీ ఎవడో ఒకడు వస్తాడని చూస్తున్నాను. కొట్టవేం?"

"కూర్చో డ్వైట్."

"కొట్టవయ్యా! నీ కాళ్లు పట్టుకుంటాను!"

"నేను కొట్టకూడదు. కూర్చో."

"ఎందుకు కొట్టకూడదు? నీకంటే హక్కు ఎవడికుంది? ఆ దేవుడు నీ మోకాలు మెలిపెట్టి నిన్ను కాపాడాడు గానీ, లేకపోతే నేను చంపాల్సింది నిన్నేగా! ఆ ముక్క కూడా రాయి. మోకాలు బెణకబట్టి బతికానని రాయి."

"మోకాలి సంగతి రాయడానికే వచ్చాను. నీ సంతకం చూస్తే తప్ప నాకు ధైర్యం రాదని, ముందు నీది పెట్టించాను. విను. విరామంలో మావాళ్లంతా చూరు కింద నీళ్లు తాగుతున్నారు. కొట్టంలో నేనొక్కణ్ణే, బూటు తాడు కట్టుకుంటున్నాను. మధ్యలో ఉన్నవి చెక్కలే కదా."

"అయితే?"

"బకెట్ తన్నడం వినబడింది. నీ చెవి మీద దెబ్బ వినబడింది. ఆ తర్వాత మీ కోచ్ అరిచింది కూడా, ఒక్క మాట పొల్లుపోకుండా."

"ఆస్కార్..."

"అప్పుడు రూల్ లోపలికొచ్చాడు. 'ఏరా, కుంటుతున్నావేం?' అన్నాడు. చొక్కా విప్పి ఇచ్చాను. ఎంత సంతోషపడ్డాడో, నన్ను కావలించుకున్నాడు. నా మోకాలికి ఏమీ కాలేదు డ్వైట్."